బ్రిడ్జిలో స్లామ్: పన్నెండో ట్రిక్కు ఎక్కడి నుంచి వస్తుంది?

ఓడిపోయిన స్లామ్‌ని (12 లేదా మొత్తం 13 ట్రిక్కులూ తీస్తామని చెప్పిన ఆటని) ఆట అయ్యాక బల్లమీద పరిచి చూస్తే, తప్పు చివర్లో జరిగినట్టు అనిపిస్తుంది. ఫినెస్ (పై ముక్క ఫలానా ప్రత్యర్థి దగ్గర ఉందనే ఆశతో దానికంటే చిన్న ముక్కతో గెలవాలని చూడడం) తప్పింది, రాజు అవతలి చేతిలో ఉంది, దురదృష్టం అనుకుంటాం. కాస్త ఓపికగా వెనక్కి వెళ్తే చాలాసార్లు తప్పు మొదటి ట్రిక్కులోనే దొరుకుతుంది. నేను ఆట నేర్చుకునే రోజుల్లో ఒక స్లామ్‌లో మొదటి ట్రిక్కుని డమ్మీలోని ఆసుతో గెలిచాను. చేతిలో రాజు ఉండగానే, ఏమీ ఆలోచించకుండా. ఎనిమిది ట్రిక్కుల తర్వాత డమ్మీలో గెలిచే ముక్క ఒకటి కళ్లెదుటే కనిపిస్తోంది కానీ అక్కడికి వెళ్లే దారి లేదు. ఆ ముక్క అలాగే వృథా అయింది. అప్పటినుంచి స్లామ్‌లో డమ్మీ పరిచిన వెంటనే ముక్క ముట్టుకోకుండా ఒక ప్రశ్న వేసుకుంటాను: పన్నెండో ట్రిక్కు ఎక్కడి నుంచి వస్తుంది? ఇదే ప్రశ్న బిడ్డింగ్‌లో కూడా వేసుకోవాలి. ఈ మార్గదర్శి అంతా ఆ ప్రశ్న చుట్టూనే తిరుగుతుంది.

బ్రిడ్జి మూల నియమాలు, పాయింట్ల లెక్క (ఆసుకు 4, రాజుకు 3, రాణికి 2, జాకీకి 1) మీకు తెలుసనే అనుకుంటున్నాను.

మొదటి మెట్టు: వెళ్లడం లాభమా అని లెక్క చూడండి

12 ట్రిక్కుల కాంట్రాక్టు చిన్న స్లామ్, మొత్తం 13 అయితే గ్రాండ్ స్లామ్. 1925లో హెరాల్డ్ వాండర్‌బిల్ట్ కాంట్రాక్ట్ బ్రిడ్జికి రూపమిచ్చినప్పటి నుంచి, స్లామ్ బోనస్ కావాలంటే ముందే బిడ్ చేసి తీరాలి. 4 ఇస్పేట్లు చెప్పి 12 ట్రిక్కులు తీసుకుంటే ఆ బోనస్ రాదు.

చిన్న స్లామ్ బోనస్ వల్నరబుల్ (బోనస్‌లూ జరిమానాలూ ఎక్కువగా ఉండే స్థితి) కానప్పుడు 500, వల్నరబుల్ అయితే 750. గ్రాండ్‌కు 1000, 1500. ఇప్పుడు ఒక పోలిక చూడండి. మీరు వల్నరబుల్, రంగు ఇస్పేటు. 6 చెప్పి గెలిస్తే 1430. అదే 4 చెప్పి 12 ట్రిక్కులు తీస్తే 680. అంటే లాభం 750. 6 చెప్పి ఒక ట్రిక్కు తగ్గితే 100 పోతుంది, 4 చెప్పి ఉంటే 11 ట్రిక్కులకు 650 వచ్చేది. నష్టం కూడా సరిగ్గా 750. వల్నరబుల్ కానప్పుడు రెండు వైపులా 500. కాబట్టి చిన్న స్లామ్‌కు లెక్క చాలా సులువు: గెలిచే అవకాశం సగానికి పైన ఉంటే వెళ్లాలి, తక్కువ ఉంటే ఆగాలి. ఒకే ఒక్క ఫినెస్ మీద ఆధారపడిన స్లామ్ తప్పేమీ కాదు, గొప్పదీ కాదు. ఆ ఫినెస్‌కు తోడు ఇంకో చిన్న అవకాశం ఉన్నా అది మంచి స్లామ్.

గ్రాండ్ విషయం వేరు. టీమ్ ఆటలో స్కోర్ల తేడాను ఇంప్‌లుగా (టీమ్ ఆటలో వాడే చిన్న పాయింట్లుగా) మారుస్తారు. వల్నరబుల్ గ్రాండ్ గెలిస్తే అవతలి బల్ల మీద చిన్న స్లామ్ ఆడినవాళ్ల మీద 13 ఇంప్‌లు లాభం, ఓడితే 17 నష్టం. అంటే దాదాపు 57 శాతం కావాలి. కాగితం మీద ఇంతే. నా అభిప్రాయం మాత్రం 13 ట్రిక్కులు లెక్కపెట్టగలిగితేనే గ్రాండ్‌కి వెళ్లండి అని. అవతలి బల్ల మీద వాళ్లు అసలు చిన్న స్లామ్‌కి కూడా వెళ్లకపోతే, మీరు గ్రాండ్ ఓడి పోగొట్టుకునేది చాలా పెద్దది.

రెండో మెట్టు: పాయింట్లతో మొదలుపెట్టి, ట్రిక్కులతో ముగించండి

రెండు చేతులూ సమంగా పరుచుకుని ఉంటే, అంటే పొడవైన రంగులు లేకుంటే, 6 నో ట్రంప్‌కు ఇద్దరికీ కలిపి 33 పాయింట్లు కావాలి. 7 నో ట్రంప్‌కు 37. పార్ట్‌నర్ 15–17 పాయింట్లతో 1 నో ట్రంప్ చెప్పారు, మీ దగ్గర 16 సమంగా ఉన్నాయి అనుకోండి. అప్పుడు నేరుగా 4 నో ట్రంప్ చెబుతారు. ఇది ఆసుల ప్రశ్న కాదు. "మీ దగ్గర ఎక్కువ ఉంటే 6కి వెళ్దాం, తక్కువైతే పాస్ చేయండి" అని అర్థం. కొత్తగా ఆడేవాళ్లు ఇక్కడ చాలా పొరబడతారు, ఈ ఒక్కటి పార్ట్‌నర్‌తో ముందే మాట్లాడుకోండి.

తురుపు రంగులో 9 ముక్కలు కలిసినప్పుడు, ఎవరి చేతిలోనైనా పొడవైన పక్క రంగు ఉన్నప్పుడు, 33 అక్కర్లేదు. 30తోనో, ఇంకా తక్కువతోనో చక్కటి స్లామ్‌లు వస్తాయి. ఇలాంటి చేతుల్లో పాయింట్లు ఆలోచన మొదలుపెట్టడానికే పనికొస్తాయి. తర్వాత లెక్కించాల్సింది ట్రిక్కుల్ని. పార్ట్‌నర్ చెప్పిన ప్రతి బిడ్‌తో ఆయన చేతిలోని ముక్కలు ఊహించుకుంటూ "ఇస్పేట్లలో ఆరు, ఆఠీన్‌లో రెండు..." అని మనసులో కూడుతూ పోవాలి.

మూడో మెట్టు: తురుపు ఖరారు చేసి, కంట్రోళ్లు చూపించండి

స్లామ్ బిడ్డింగ్‌లో వరుస ముఖ్యం. ముందు తురుపు రంగు తేలాలి, అదీ గేమ్ (ఇస్పేట్లలో అయితే 4) కంటే కింద తేలితే ఇంకా మంచిది, మాట్లాడుకోవడానికి చోటుంటుంది. తర్వాత కంట్రోల్ బిడ్లు. కంట్రోల్ అంటే ఆ రంగులో ప్రత్యర్థులు వరుసగా రెండు ట్రిక్కులు లాగేయకుండా ఆపగలిగేది: ఆసు, రాజు, ఒంటి ముక్క, లేదా అసలు ఆ రంగు లేకపోవడం. అన్నిటికంటే కింది కంట్రోల్‌ని ముందు చెబుతారు. ఏదైనా రంగుని దాటేస్తే అక్కడ కంట్రోల్ లేదని అర్థం. దాటేసిన రంగు కూడా చెప్పిన రంగంత సమాచారం ఇస్తుంది.

ఇది అయ్యాకే 4 నో ట్రంప్. ఈస్లీ బ్లాక్‌వుడ్ 1933లో కనిపెట్టిన ఆసుల ప్రశ్న ఇప్పుడు కీకార్డ్ రూపంలో ఎక్కువగా వాడుకలో ఉంది. నాలుగు ఆసులు, తురుపు రాజు కలిపి ఐదు కీకార్డులు. 1430 పద్ధతిలో జవాబులు ఇలా ఉంటాయి:

5 కళావరు అంటే 1 లేదా 4
5 డైమన్ అంటే 0 లేదా 3
5 ఆఠీన్ అంటే 2, తురుపు రాణి లేదు
5 ఇస్పేటు అంటే 2, తురుపు రాణి ఉంది

మొదటి రెండు జవాబుల తర్వాత తురుపు కాని పక్క మెట్టు చెబితే అది తురుపు రాణి గురించి ప్రశ్న. ఇద్దరికీ కలిపి పది తురుపులు ఉన్నాయని తెలిస్తే, రాణి లేకున్నా ఉన్నట్టే చెప్పడం మంచి అలవాటు.

4 నో ట్రంప్ గురించి నేను గట్టిగా నమ్మేది ఒకటుంది. అది స్లామ్‌కి వెళ్లడానికి కాదు, రెండు కీకార్డులు లేనప్పుడు స్లామ్ నుంచి తప్పుకోవడానికి. స్లామ్‌కి సరిపడా ట్రిక్కులు ఉన్నాయని మీకు ముందే అనిపించాలి. చివరి జాగ్రత్తగా ఈ ప్రశ్న వేస్తారు. అందుకే మూడు సందర్భాల్లో వేయకండి. ఒకటి, మీ చేతిలో ఏదైనా రంగు అసలు లేనప్పుడు. పార్ట్‌నర్ ఆసు ఆ రంగులో ఉందో, పనికొచ్చే రంగులో ఉందో జవాబు చెప్పదు. రెండు, ఎవరూ కంట్రోల్ చూపని రంగులో మీకు రెండు చిన్న ముక్కలు ఉన్నప్పుడు. కీకార్డులు సరిపోయినా ఆ రంగులో ఆసు, రాజు ప్రత్యర్థులు లాగేయొచ్చు. మూడు, కళావరు తురుపైనప్పుడు. 5 డైమన్, 5 ఆఠీన్ లాంటి జవాబులు 5 కళావరుని దాటేస్తాయి, వెనక్కి రావడానికి దారుండదు. ఏ జవాబు వచ్చినా తట్టుకోగలిగితేనే అడగండి.

ఒక చేతిని పూర్తిగా చూద్దాం

మీరు దక్షిణం. ఇద్దరి చేతులూ ఇవి.

ఉత్తరం (డమ్మీ)
ఇస్పేటు: రాజు, 6, 4
ఆఠీన్: ఆసు, 6
డైమన్: 8, 7, 2
కళావరు: ఆసు, రాజు, 7, 5, 3

దక్షిణం (మీరు)
ఇస్పేటు: ఆసు, రాణి, జాకీ, 10, 7, 3
ఆఠీన్: రాజు, 4
డైమన్: ఆసు, రాణి, 5
కళావరు: 8, 6

ఉత్తరానికి 14, మీకు 16. మొత్తం 30. ప్రత్యర్థులు పాస్ చేస్తూనే ఉన్నారు. ఒకటి మీద రెండు చెబితే గేమ్ తప్పనిసరి అనే పద్ధతిలో బిడ్డింగ్ ఇలా నడుస్తుంది:

దక్షిణం 1 ఇస్పేటు, ఉత్తరం 2 కళావరు
దక్షిణం 2 ఇస్పేట్లు, ఉత్తరం 3 ఇస్పేట్లు
దక్షిణం 4 డైమన్, ఉత్తరం 4 ఆఠీన్
దక్షిణం 4 నో ట్రంప్, ఉత్తరం 5 డైమన్
దక్షిణం 5 నో ట్రంప్, ఉత్తరం 6 కళావరు
దక్షిణం 6 డైమన్, ఉత్తరం 6 ఇస్పేట్లు

ఉత్తరం నేరుగా 4 ఇస్పేట్లకు దూకకుండా 3 దగ్గర ఆగడంలోనే స్లామ్ మీద ఆసక్తి కనిపిస్తోంది. గేమ్ ఎలాగూ తప్పనిసరి కాబట్టి తొందర లేదు. మీరు 4 కళావరుని దాటేసి 4 డైమన్ చెప్పారు: కళావరులో నాకేం లేదు, డైమన్‌లో ఉంది. కళావరులో కూడా ఏమీ లేని ఉత్తరమైతే 4 ఇస్పేట్ల దగ్గర ఆపేసేవారు. ఆయన 4 ఆఠీన్ చెప్పి ముందుకొచ్చారంటే, ఆఠీన్ కంట్రోల్‌తో పాటు కళావరు కూడా చూసుకున్నట్టే. ఆ ఒక్క బిడ్‌తో రెండు రంగుల బెంగ తీరింది. అప్పుడే మీరు 4 నో ట్రంప్ అడిగారు.

5 డైమన్ అంటే 0 లేదా 3. ఇంత బలంగా బిడ్ చేసిన చేతిలో సున్నా ఉండదు, కాబట్టి మూడు. మీ రెండింటితో కలిపి ఐదూ ఉన్నాయి, తురుపు రాణి మీ చేతిలోనే ఉంది. 5 నో ట్రంప్ "కీకార్డులన్నీ మన దగ్గరే ఉన్నాయి, రాజుల్లో అన్నిటికంటే కింది రంగుది చెప్పండి" అని. ఆయన కళావరు రాజు చూపించారు.

ఇక్కడ ఆగి లెక్కించండి. ఇస్పేట్లు 6, ఆఠీన్ 2, కళావరు 2, డైమన్ ఆసు 1. మొత్తం 11. డైమన్ రాజు కూడా ఉత్తరం దగ్గరుంటే డైమన్‌లో మూడు ట్రిక్కులు, మొత్తం 13! అందుకే 6 డైమన్ చెప్పి ఆ రాజు గురించి ప్రత్యేకంగా అడిగారు. లేదని ఆయన 6 ఇస్పేట్లు చెప్పారు. మీరు పాస్. ఈ చివరి ప్రశ్న పార్ట్‌నర్‌తో ముందుగా మాట్లాడుకుని ఉంటేనే వాడండి, లేకుంటే 6 డైమన్ మీద పాస్ చేసే ప్రమాదముంది.

రెండు చేతులూ పక్కపక్కన పెట్టుకుని చూస్తే గ్రాండ్ అవకాశం కూడా సగానికి కాస్త పైన ఉంటుంది. కానీ బల్ల దగ్గర దక్షిణానికి ఉత్తరం ఐదో కళావరు కనిపించదు. 6 దగ్గర ఆగడమే సరైన నిర్ణయం.

నాలుగో మెట్టు: డమ్మీ పరిచాక, ముక్క ముట్టుకోకముందు

పడమర ఆఠీన్ రాణి వేశారు. డమ్మీ నుంచి ఏం ఆడమంటారు?

మీరు 11 దగ్గర ఉన్నారని బిడ్డింగ్‌లోనే తెలుసు. పన్నెండోది ఎక్కడిది? రెండు చోట్ల వెతకొచ్చు. ఒకటి డైమన్ ఫినెస్: డమ్మీ నుంచి చిన్న డైమన్ ఆడి రాణి వేయడం, రాజు తూర్పు దగ్గరుంటే గెలుస్తుంది. సరిగ్గా 50 శాతం. రెండోది కళావరు పొడవు. డమ్మీలో ఐదున్నాయి, మీ దగ్గర రెండు, బయట ఆరు. ఆరు ముక్కలు 3-3గా విడిపోయేది దాదాపు 35.5 శాతం, 4-2గా 48.4 శాతం, 5-1గా 14.5 శాతం. 3-3 అయితే ఆసు, రాజు ఆడి మూడోదాన్ని తురుపుతో కోస్తే చాలు, మిగతా రెండూ గెలుస్తాయి. 4-2 అయితే రెండుసార్లు కోయాలి, అప్పుడు ఐదోది గెలుస్తుంది.

రెండూ కలిపితే? ముందు కళావరు ప్రయత్నించి, అది కుదరకపోతే ఫినెస్ వేయొచ్చు. 3-3, 4-2 కలిపి 84 శాతం, మిగిలినదాంట్లో సగం ఫినెస్. తురుపులు ఘోరంగా విడిపోయే కేసులు తీసేసినా తొంభైకి దగ్గర్లో ఉంటుంది. స్లామ్ ఆటలో నేను ఎప్పుడూ చూసేది ఈ వరుసనే: తప్పినా ట్రిక్కు పోని ప్రయత్నాలు ముందు, తప్పితే కాంట్రాక్టే పోయే ఫినెస్ అన్నిటికంటే చివర.

ఇప్పుడు దారుల లెక్క. కళావరు 4-2 అయితే డమ్మీకి ఎన్నిసార్లు వెళ్లాలి? ఆసు, రాజు, మూడోది ఒకేసారి ఆడేయొచ్చు. నాలుగోదాన్ని కోయడానికి మళ్లీ ఒకసారి వెళ్లాలి. గెలిచే ఐదోదాన్ని ఆడడానికి ఇంకోసారి. అంటే కళావరు కాక రెండు దారులు కావాలి. డమ్మీలో ఉన్నవి ఇస్పేటు రాజు, ఆఠీన్ ఆసు. సరిగ్గా రెండే.

జవాబు దొరికింది. మొదటి ట్రిక్కులో డమ్మీ నుంచి 6 ఆడి, చేతిలోని ఆఠీన్ రాజుతో గెలవాలి. ఆసుతో గెలిస్తే ట్రిక్కు పోయినట్టు కనిపించదు, కానీ కళావరు 4-2 అయిన రోజున ఐదోది డమ్మీలోనే చిక్కుకుపోతుంది. మొదట్లో చెప్పిన నా తప్పు ఇలాంటిదే.

ఐదో మెట్టు: ఆట

రెండో ట్రిక్కు ఇస్పేటు ఆసు, మూడోది ఇస్పేటు రాణి. డమ్మీ నుంచి 4, 6 వెళ్తాయి, రాజు మిగులుతుంది. రెండో ఇస్పేటుకి పడమర వేరే రంగు వేశారు, అంటే తురుపులు 3-1. తూర్పు దగ్గర ఒకటి మిగిలింది. ఇక్కడ చేయి ఆపుకోండి. మూడో ఇస్పేటు ఇప్పుడే ఆడితే రాజు అనే దారి ముందే ఖర్చవుతుంది. ఆ మిగిలిన తురుపుని తర్వాత, డమ్మీకి వెళ్లేటప్పుడే లాగొచ్చు.

నాలుగు, ఐదు ట్రిక్కులు కళావరు ఆసు, రాజు. ఇద్దరూ రెండుసార్లూ అదే రంగు వేశారు. ఇప్పటికి 5-1 భయం పోయింది. ఆరో ట్రిక్కు మూడో కళావరు. తూర్పు ఆఠీన్ పారేశారు, పడమర కళావరు వేశారు. కాబట్టి 4-2. మీరు దీన్ని 10తో కోయండి, 3తోనో 7తోనో కాదు. బయట తురుపు మిగిలి ఉండగా పెద్ద ముక్కతో కోయడానికి ఖర్చేమీ లేదు, పైగా ఎవరూ మీ మీద కోయలేరు. 3ని డమ్మీకి వెళ్లడానికి దాచుకోవాలి.

ఏడు: ఇస్పేటు 3 నుంచి డమ్మీ రాజు. తూర్పు చివరి తురుపు పడిపోయింది. ఎనిమిది: నాలుగో కళావరు, జాకీతో కోత. పడమర చివరి కళావరు పడింది. తొమ్మిది: ఆఠీన్ 4 నుంచి డమ్మీ ఆసు. ఇన్ని ట్రిక్కులు దాచుకున్న దారి ఇదే. పది: కళావరు 7 ఇప్పుడు గెలుస్తుంది, దాని మీద మీ డైమన్ 5 పారేయండి.

మిగిలింది: డమ్మీలో మూడు డైమన్లు, మీ దగ్గర ఇస్పేటు 7, డైమన్ ఆసు, రాణి. పది ట్రిక్కులు వచ్చేశాయి, 7, డైమన్ ఆసు ఖాయం. పన్నెండు పూర్తయ్యాయి. ఇక డైమన్ ఫినెస్ నష్టం లేకుండా వేయొచ్చు. రాణి వేస్తే పడమర రాజుతో గెలిచారనుకోండి, తిరిగి ఏ రంగు వచ్చినా మిగతా రెండూ మీవే. రాజు తూర్పు దగ్గరుంటే పదమూడు.

ఈ చేతిలో డైమన్ రాజు పడమర దగ్గరే ఉంది. మొదట్లోనే ఫినెస్ వేసి ఉంటే అక్కడితో ఒక ట్రిక్కు పోతుంది, పడమర తిరిగి ఆఠీన్ ఆడితే డమ్మీ ఆసు అనే దారి కూడా పోతుంది, కళావరు 4-2 కాబట్టి కాంట్రాక్టు కూడా పోతుంది. 

ఒకవేళ ఐదో ట్రిక్కులో ఎవరో ఒకరు కళావరు కాకుండా వేరే ముక్క పారేసి ఉంటే? కళావరు 5-1, ఐదోది ఎప్పటికీ గెలవదు. అప్పుడు తురుపులు లాగేసి, డమ్మీకి దారి ఉండగానే డైమన్ ఫినెస్ వేయండి. రెండో ట్రిక్కులోనే, అంటే ఇస్పేటు ఆసుకే, ఒకరు వేరే రంగు వేస్తే తురుపులు 4-0 అన్నమాట. పదింటిలో ఒక్కసారి కూడా జరగదు, కానీ జరిగితే ఆగి మొత్తం లెక్క మళ్లీ మొదలుపెట్టండి.

తురుపులో ఒక ట్రిక్కు ఓడే స్థోమత ఉంటే

వేరే రంగుల్లో నష్టం ఏమీ లేని స్లామ్ వచ్చిందనుకోండి. తురుపు మాత్రం ఇలా ఉంది: డమ్మీలో రాజు, 10, 5, 3. మీ దగ్గర ఆసు, 9, 7, 4, 2. బయట రాణి, జాకీ, 8, 6. చాలామంది అలవాటుగా ఆసు ఆడతారు. తొంభై శాతం సార్లు ఏమీ కాదు. నాలుగూ ఒకే చేతిలో ఉన్న రోజు మాత్రం, వాటి యజమాని ఎటువైపు ఉన్నాడనే దాన్నిబట్టి రెండు ట్రిక్కులు పోవచ్చు.

ఒక ట్రిక్కు ఓడినా పర్లేదు, రెండు ఓడకూడదు. కాబట్టి చేతి నుంచి చిన్నది ఆడండి. పడమర చిన్నది వేస్తే డమ్మీ నుంచి 10 వేయండి. తూర్పు దాన్ని రాణితోనో జాకీతోనో గెలిస్తే గెలవనివ్వండి, బయట ఇక రెండే ఉన్నాయి, ఆసు, రాజు కింద పడిపోతాయి. తూర్పు దగ్గర అసలు తురుపు లేకపోతే 10 గెలిచేసింది, తర్వాత ఒక్కటే పోతుంది. మొదటిసారే పడమర వేరే రంగు వేస్తే రాజు వేసి, మళ్లీ డమ్మీ నుంచి చిన్నది ఆడి మీ ఆసు, 9 వైపు రండి. ఎలా విడిపోయినా ఒక్కటే నష్టం. జంటల మ్యాచ్‌పాయింట్ ఆటలో (అక్కడ ఒక్క అదనపు ట్రిక్కుకీ విలువ ఉంటుంది) ఇలా ఆడితే కొన్నిసార్లు అదనపు ట్రిక్కు పోతుంది. టీమ్ ఆటలో మాత్రం ఆలోచించాల్సిన పని లేదు, కాంట్రాక్టు కాపాడండి.

ప్రత్యర్థి చేత ఆడించడం

స్లామ్‌లో నాకు అన్నిటికంటే ఇష్టమైన పద్ధతి ఇది. డైమన్ ఇలా ఉంది: డమ్మీలో రాజు, జాకీ, 3. మీ దగ్గర ఆసు, 10, 4. రాణి ఎవరి దగ్గరుందో తెలీదు, ఎటువైపు ఫినెస్ వేసినా సగం సగం. ఇంకో రంగులో, ఆఠీన్‌లో అనుకోండి, తప్పక ఓడే ట్రిక్కు ఒకటి ఉంది. డైమన్ ఊహ తప్పితే రెండు పోయినట్టే.

ఊహించకండి. ముందు తురుపులు లాగేయండి, రెండు చేతుల్లోనూ తురుపు మిగిలేలా చూసుకోండి. తర్వాత కళావరుని రెండు చేతుల్లోనూ లేకుండా చేయండి, ఆసు, రాజు ఆడి మిగతావి కోసేయండి. ఆఠీన్‌లో గెలిచేవి ఆడేశాక, ఓడే ముక్క ఆడి ప్రత్యర్థికి ట్రిక్కు ఇవ్వండి. ఎవరు గెలిచినా సరే, వాళ్లిప్పుడు ఏం ఆడతారు? డైమన్ ఆడితే రాణి ఎవరి దగ్గరున్నా మీకు మూడు ట్రిక్కులు. ఆఠీనో కళావరో ఆడితే మీ రెండు చేతుల్లోనూ ఆ రంగు లేదు. ఒక చేతి నుంచి డైమన్ పారేసి, మరో చేతి నుంచి తురుపుతో కోస్తారు. ఆ తర్వాత డైమన్ ఆసు, రాజు ఆడి మూడోదాన్ని కోసేయొచ్చు. యాభై శాతం పందెం వందకి దగ్గరైంది.

ఇది సాధ్యమో లేదో మొదటి ట్రిక్కులోనే చూడాలి. ఓడే ముక్కని ఎప్పుడు ఇచ్చేయాలి అన్నదే ఇక్కడ కీలకం. అలవాటుగా ముందే ఇచ్చేస్తే అవకాశం పోతుంది.

11 ట్రిక్కులు ఖాయంగా ఉండి పన్నెండోదానికి ఏ దారీ కనిపించనప్పుడు చివరి ప్రయత్నం స్క్వీజ్. ఓడాల్సిన ఒక్క ట్రిక్కుని ముందే ఇచ్చేయండి, తర్వాత తురుపులన్నీ ఆడేయండి. ఒకే ప్రత్యర్థి రెండు రంగులు కాపాడుకోవాల్సి వస్తే ఏదో ఒకటి వదిలేయక తప్పదు. ఆయన ఏం పారేశారో గుర్తుపెట్టుకోవడమే మీ పని.

పై చేతిలో వేరే లీడ్ వచ్చి ఉంటే

అదే 6 ఇస్పేట్ల చేతికి ఒకసారి తిరిగి వెళ్దాం. పడమర డైమన్ ఆడి ఉంటే మీ ఆసు, రాణి వైపే వచ్చింది, ట్రిక్కు రాణితో గెలుస్తారు, పన్నెండు అక్కడే తేలిపోయాయి. కళావరు లీడ్ వస్తే ఆసుతో గెలవక తప్పదు, కానీ ఇస్పేటు రాజు, ఆఠీన్ ఆసు రెండూ డమ్మీలోనే ఉన్నాయి. ఇస్పేటు ఆసు, రాణి ఆడి, కళావరు రాజుకి వెళ్లి, మూడోది కోసి, ముందు చెప్పినట్టే సాగిపోతుంది. ఇస్పేటు లీడ్ వస్తే మాత్రం జాగ్రత్త: డమ్మీ నుంచి 4 వేసి చేతిలోనే గెలవండి. "డమ్మీలో పెద్దది ఉంది కదా" అని రాజు వేశారో, ఆఠీన్ ఆసుతో గెలిచి చేసిన తప్పే మళ్లీ చేసినట్టు, దారుల్లో ఒకటి మొదటి ట్రిక్కుకే పోయింది.